ఇంటి పెరటిలో ఇనుపపని



సముద్రపుటొడ్డున కాపురమున్నవారికి ఇనుము ఎంత నిలుకడలేని చుట్టమో వేరుగా చెప్పనక్కరలేదు. సాయంకాలము గోడకు తగిలించిన కొడవలి తెల్లవారుసరికి ఎర్రబారును. తలుపు గడియ రెండేండ్లకే పొరలు పొరలుగా రాలును. బావి గిలక బిగుసుకొనిపోవును. నెల్లూరు సీమలో మైపాడు మొదలు కృష్ణపట్నము దిగువదాకా ఈ తీరమున నివసించువారికందరకు ఇది నిత్యానుభవము. గాలిలో వచ్చెడి ఉప్పు ఇనుము మీద పలుచగా పేరుకొనును. ఆ ఉప్పు రాత్రివేళ గాలిలోని తేమను పీల్చి ఇనుమును తడిగా నుంచును. ఉప్పు కలిసిన తడి ఉన్నచోట తుప్పు త్వరగా పెరుగును. వానలేని దినములలో సైతము మన ఇనుము తడిసియుండుటకు ఇదియే కారణము.

ఇట్టి తావున ఇంటి పెరటిలో చిన్న ఇనుపపని శాల పెట్టుకొనుట ఎందులకు? పెట్టుకొన్నచో పాత పనిముట్లతో ఎట్లు సాగించుట? ఈ రెండు ప్రశ్నలకు మేము నేర్చుకొన్న జవాబులను, నేర్చుకొనుటలో పొందిన దెబ్బలను నేడు మనవి చేయుదుము.

మొదటి ప్రశ్న. పూర్వము ప్రతి పెద్ద గ్రామమునకు ఒక కమ్మరి కొలిమి యుండెడిది. బండి చక్రమునకు ఇనుపకట్టు వేయుట, నాగలికి కర్రు కాల్చుట, పడవకు మేకులు సాగదీయుట అన్నియు అచ్చటనే జరిగెడివి. నేడు చక్కబెట్టవలసిన వస్తువులు మారినవి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి పోయిన పిమ్మట మన తీరమున కొయ్య తెప్పల స్థానమున ఫైబరు పడవలు విస్తారముగా వచ్చినవి. వాటికి ఇంజనులు, ఇంజనులకు ఆధారపు చట్రములు, చట్రములకు శీలలు వచ్చినవి. 2009లో వెనామీ రొయ్యకు ప్రభుత్వము అనుమతి ఇచ్చిన తరువాత చెరువులలో గాలిచక్రములు పెరిగినవి. రాత్రియంతయు నీటిలోని నాచు, రొయ్యలు ప్రాణవాయువును వాడుకొనుచుండుటచే తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గియుండును. ఆ వేళ చక్రము ఇరుసు విరిగెనా, కొద్ది గంటలలో పంట చేతికి రాకుండ పోవును. మరమ్మతు చేయువాడు నెల్లూరు పట్టణమున ఉన్నాడు. మైపాడునుండి పట్టణము 20 కిలోమీటర్లకు కొంచెము అటునిటు. రాత్రి 2 గంటలకు ఆ దూరము చాల దూరము.

ఆ అవసరమే మా అన్నదమ్ములను ఈ పనికి పురికొల్పినది. మేము వృత్తిచేత కమ్మరులము కాము. మా తండ్రిగారికి గడియారములు విప్పి చూచు సరదా తప్ప మా వంశమున లోహవిద్య లేదు. 2016లో పెరటిలోని పశువుల కొట్టము ఖాళీ అయినప్పుడు అచ్చట ఒక బల్ల వేసి పని మొదలిడితిమి.

కొత్త పనిముట్లు కొనుటకు మాకు శక్తి లేదు. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. కొత్తవాడు చౌకరకపు కొత్త పనిముట్టు కొనుటకంటె మంచి రకపు పాత పనిముట్టు కొనుట మేలు. ముప్పది యేండ్లు పనిచేసి నిలిచిన వైసు తన గుణమును తానే చాటుకొన్నది. అయితే పాతవస్తువు కొనువానికి రెండు కండ్లు చాలవు.

మన నెల్లూరువారికి పాత సామానులనగా తొలుత జ్ఞప్తికి వచ్చునది చెన్నపట్టణమే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు మనది మద్రాసు రాష్ట్రములోని జిల్లాయే గదా! సెంట్రల్ స్టేషను ప్రక్కన 1900లో తెరువబడిన మూర్ మార్కెట్టులో పాత పుస్తకము మొదలు పాత పనిముట్టువరకు దొరకెడిది. 1985 మే నెలలో అది అగ్నికి ఆహుతియైనది. నేడు పాత మోటారు భాగములకు పుదుపేట ప్రసిద్ధము. మేము ఉదయపు రైలులో పోయి, పగలంతయు ఆ సందులలో తిరిగి, రాత్రి బండికి ఒక గోనెసంచి మోసికొని వచ్చెడివారము. నెల్లూరులోని పాత ఇనుప అంగళ్లలోను తూకము లెక్కన మంచి వస్తువులు దొరకును. తూకమునకు అమ్మువాడు వస్తువు పేరు తెలియక అమ్మును. పేరు తెలిసినవానికి అదే లాభము.

ఇచ్చట ఒక హెచ్చరిక. దాగలికి బదులుగా రైలుపట్టా ముక్క బాగుగా ఉపకరించునని అందరు చెప్పుదురు. అది నిజమే. కాని రైల్వే ఆస్తిని అక్రమముగా కలిగియుండుట 1966 నాటి చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము. వేలములో కొన్నవానివద్ద రసీదుతో కొనుడు. రసీదు లేనిచో, ఎంత చౌకయైనను, చేతులు కట్టుకొని వెనుకకు రండు.

ఏమేమి కొనవలెను? మొట్టమొదట వైసు. పట్టు లేనివాడు పని చేయలేడు. పాత వైసును చూచునప్పుడు దవడలను మూసి వెలుతురుకెదురుగా పట్టి చూడుడు. దవడల నడుమ వెలుగు ఒక ప్రక్కనే కనబడినచో అది వంకరపోయినది. పిమ్మట పిడిని ముందుకు వెనుకకు త్రిప్పుడు. పావుచుట్టుకు మించి ఊరక తిరిగినచో లోపలి మర అరిగినదని గ్రహింపుడు. చివరకు, రంగు దట్టముగా పూసిన వైసును అనుమానింపుడు. పోతయినుము పగిలిన చోట అతుకు వేసి రంగు పూసి అమ్ముట కలదు. మేము కొన్న మొదటి వైసు అట్టిదే. ఇంటికి తెచ్చి రంగు గీకగా పగులు బయటపడినది. పోతపోసిన వైసుకంటె కొలిమిలో సాగగొట్టిన కాలువైసు దొరికినచో సుత్తిదెబ్బకు అది ఓర్చుకొనును.

రెండవది దాగలి. దాని గుణము తెలియుటకు ఒక ఉక్కుగోళీని 10 అంగుళముల ఎత్తునుండి దానిపై వదలుడు. 7, 8 అంగుళములు పైకి లేచినచో మంచి ఉక్కు. సగమైనను లేవనిచో దానిపై కొట్టిన దెబ్బ అదియే మ్రింగుచున్నదని అర్థము.

మూడవది రంపము. పాత చట్రము చాలును, పలక మాత్రము కొత్తది కావలెను. పండ్లు అంగుళమునకు 18 ఉన్నది లావు కడ్డీలకు, 32 ఉన్నది పలుచని రేకులకు. కోయుచున్న వస్తువు మందములో ఎప్పుడును మూడు పండ్లకు తక్కువగాకుండ నిలువవలెను. లేనిచో పండ్లు ఊడిపోవును. నాలుగవది ఆకురాయి. ఇది పాతది కొనరాదు. అరిగిన ఆకురాయికి మరల పదును రాదు. పాతది చౌకగా దొరికినను కొలిమిలో కాల్చి మరియొక పనిముట్టుగా మలచుకొనుటకే కొనుడు.

అయిదవది కరెంటు సానరాయి. చేతులు పోగొట్టునది, కండ్లు తీయునది ఇదియే. 6 అంగుళముల రాయి నిమిషమునకు 2850 చుట్లు తిరుగునప్పుడు దాని అంచు సెకనుకు 22 మీటర్లకు మించిన వేగముతో పోవుచుండును. పగిలిన రాయి ఆ వేగములో ముక్కలై ఎగురును. కాబట్టి పాతరాయిని యంత్రమునకు తొడుగకముందు దారముతో వ్రేలాడదీసి కొయ్యపిడితో మెల్లగా తట్టుడు. గంటవలె ఖణీమని మ్రోగినచో మంచిది. పగిలిన కుండవలె బొండుగా పలికినచో పారవేయుడు. రాయిపై వ్రాసియున్న వేగమునకు మించిన యంత్రమునకు దానిని తొడుగరాదు. ఇనుము కోయు పలుచని బిళ్ళలపై గడువు తేదీ ముద్రింపబడియుండును. తేమగాలిలో వాటి బంక బలహీనపడును గావున మన తీరమున ఆ తేదీని మరింత జాగ్రత్తగా పాటింపవలెను.

మా ఇంట ఈ పరీక్ష ఒకనాడు మరచితిమి. రాయి పగిలి ఒక ముక్క కొట్టపు తాటాకు కప్పును చీల్చుకొని పోయినది. దాని దారిలో నిమిషము క్రితము మా తమ్ముడు నిలిచియుండెను. ఆ కప్పులోని రంధ్రమును మేము నేటికిని పూడ్చలేదు. చూచినప్పుడెల్ల బుద్ధి చెప్పుచున్నది.

తెచ్చిన పాత పనిముట్లకు తుప్పు వదిలించుట తరువాతి పని. చిన్నవాటికి చింతపండు పులుసులో రెండు దినములు నానబెట్టి తోమినను చాలును. మన పెద్దలు ఇత్తడికి చేసినదే ఇది. పెద్దవాటికి కరెంటు పద్ధతి మేలు. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి ఒక పెద్ద చెంచాడు బట్టల సోడా కలుపుడు. బ్యాటరీకి ఎక్కించెడి 12 వోల్టుల చార్జరు ఋణధ్రువమును తుప్పుపట్టిన పనిముట్టుకు, ధనధ్రువమును పనికిరాని ఇనుపముక్కకు కలుపుడు. రెండును తాకరాదు. రాత్రికి తుప్పు నల్లని మడ్డియై వదలును. ఈ పని ఆరుబయట చేయవలెను, ఎందుకనగా మండెడి హైడ్రోజను వాయువు పుట్టును. ధనధ్రువమున స్టెయిన్‌లెస్ ఉక్కు ముక్కను ఎన్నడును వాడరాదు. దానినుండి విషకరమైన క్రోమియము నీటిలోనికి దిగును.

వదిలించిన తుప్పు మరల పట్టకుండుట ఎట్లు? మేము మొదట గోనెపట్టలో చుట్టి దాచితిమి. గోనె తేమను పట్టియుంచును. వారము తిరుగకముందే మరల తుప్పు. ఇప్పుడు పని ముగిసినంతనే మంచినీటిలో తడిపిన గుడ్డతో ఉప్పు తుడిచి, ఆరబెట్టి, కొత్త ఇంజను నూనె పలుచగా పూసి మూతగల రేకు పెట్టెలో పెట్టుచున్నాము. ఇంజనునుండి తీసిన మురికి నూనె తగదు. అందు ఆమ్లములుండును, చర్మమునకు చెడుపు.

ఇక స్థలము. బల్ల ఎత్తు ఎంతయనిన, వైసు పైయంచు నిలిచినవాని మోచేతికి సరిగా ఉండవలెను. దాగలి ముఖము చేయి వ్రేలాడవేసినప్పుడు పిడికిలికి తగులునంత ఎత్తుండవలెను. ఈ రెండును తప్పినచో సంవత్సరమునకే నడుము తప్పును. కరెంటు తీగకు భూమి కలుపు తప్పనిసరి. తడినేల, ఉప్పు, పాత మోటారు ఈ మూడును ఒకచోట చేరినప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే కరెంటు ఆపివేయు రక్షణ స్విచ్చి లేక పని చేయుట ప్రాణముతో చెలగాటము.

ఇప్పుడు మాకు గర్వమును, పిమ్మట సిగ్గును కలిగించిన విషయము చెప్పవలెను.

గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులలో రాతికి బెజ్జములు వేయుటకు వాడిన ఎనిమిది పలకల ఉక్కుకడ్డీ ముక్క ఒకటి పాత ఇనుములో మాకు దొరికినది. దానితో ఉలి చేయవలెనని సంకల్పించితిమి. బొగ్గు కొలిమిలో ఎర్రగా కాల్చి, అయస్కాంతము దానిని ఆకర్షించుట మానువరకు వేచితిమి. అది సుమారు 770 డిగ్రీల వేడి. అంతకు కొంచెము మించగానే నీటిలో ముంచితిమి. అట్లు ముంచిన ఉక్కు గాజువలె కఠినము, గాజువలెనే పెళుసు. కాబట్టి దానిని రుద్ది మెరుగుపెట్టి మరల మెల్లగా కాచవలెను. అప్పుడు మెరుగుపై రంగులు నడచును. మొదట గడ్డిరంగు, తరువాత గోధుమరంగు, పిమ్మట వంగపూవు రంగు, చివరకు నీలము. వంగపూవు రంగు వచ్చినంతనే, అనగా సుమారు 280 డిగ్రీల వద్ద, ఆపినచో ఇనుము నరుకు ఉలికి తగిన పదును నిలుచును. మా ఉలి నిలిచినది. నేటికిని నిలిచియున్నది. ఆ ఉలిని చూచి మేము లోహవిద్య వచ్చినదనుకొంటిమి.

ఆ గర్వము దిగకముందే ఒకనాటి రాత్రి పడవ యజమాని ఒకడు తలుపు తట్టెను. ఇంజనును పడవకు పట్టియుంచెడి శీల విరిగిన రెండు ముక్కలు అతని చేతిలో ఉన్నవి.

"అన్నా, శీల ఇరిగిపోయిండాది. తెల్లారేలోపల యేటకి పోవాల. ఒక్క అతుకు ఏసి ఈన్నా, నీకు పుణ్యం ఉంటాది" అనెను.

మేము ఆ శీల ఏ ఉక్కుతో చేసినదో విచారింపలేదు. లారీ కమాను పట్టీవంటి గట్టి ఉక్కు అది. వెల్డింగు యంత్రము తీసి రెండు ముక్కలను కలిపితిమి. అతుకు చూచుటకు ముచ్చటగా ఉండెను. అతడు ఆతురపడుచుండుటచే ఎర్రగానున్న అతుకును బొక్కెనలోని నీటిలో ముంచి చల్లార్చి చేతికిచ్చితిమి. డబ్బు పుచ్చుకొనలేదు. మంచిపని చేసితిమని నిద్రించితిమి.

ఆ పడవ సాయంకాలమునకు తిరిగి రాలేదు.

రాత్రి గడచినది. అతని ఇల్లాలు, తల్లి ఒడ్డున కూర్చుండిరి. మేమును కూర్చుంటిమి. ఎవరును మమ్ము ఒక్కమాటయు అనలేదు. అనినచో కొంత భారము తగ్గియుండెడిది. మరునాటి ఉదయము మరియొక పడవ దానిని త్రాటితో లాగికొని వచ్చినది. ముగ్గురు మనుష్యులును క్షేమము. ఇంజను మాత్రము చట్రము విడచి నీటిలో జారి పాడైపోయినది. వాడు దిగి వచ్చి విరిగిన శీలను మా చేతిలో పెట్టి, "అతుకు యిరగలా అన్నా, దాని పక్కన యిరిగింది" అనెను. నింద లేదు, కోపము లేదు. చూచినది చెప్పినాడు.

అతడు చెప్పినదే అసలు సూత్రము. కర్బనము ఎక్కువగాగల ఉక్కును అతికినప్పుడు అతుకు ప్రక్కనున్న భాగము ఎర్రగా కాలును. అది త్వరగా చల్లారినచో ఉలి మొననీట ముంచినట్లే గాజువలె పెళుసగును. ఉలికి మేము రెండవసారి కాచి పెళుసుతనము తీసితిమి. శీలకు తీయలేదు. పైగా నీట ముంచి మా చేతులతోనే దానిని పెళుసు చేసితిమి. ఏ విద్య మాకు ఉలినిచ్చినదో ఆ విద్యయే, సగము తెలియుటచే, ముగ్గురిని నడిసముద్రమున నిలిపినది. అట్టి ఉక్కును అతుకకముందు వేడిచేయవలెను, అతికిన పిదప బూడిదలోనో పొడియిసుకలోనో కప్పి గంటలకొలది మెల్లగా చల్లారనీయవలెను. అంతకంటె మేలైనది, ప్రాణములు ఆధారపడిన శీలను అతుకకపోవుట.

ఆ దినమున మా కొట్టపు గోడపై సుద్దతో మూడు వరుసలు వ్రాసితిమి. మొదటి వరుస మేము చేయు పనులు. గడియలు, బావి గిలకలు, కొడవళ్లు, గాలిచక్రముల చట్రములు, కిటికీ కమ్ములు. రెండవ వరుస అడిగి చేయు పనులు. ఉక్కు జాతి తెలియనివి, బరువు మోయునవి పట్టణములోని పనివానికి చూపి అతని మాట విని చేయునవి. మూడవ వరుస చేయని పనులు. సముద్రములోనికి పోవు శీల, మోటారుబండి స్టీరింగు, బ్రేకు భాగములు, గ్యాసు బండ, డీజిలు గాని పెట్రోలు గాని పోసిన పీపా. ఖాళీ పీపాయని కొందరు తెచ్చెదరు. ఖాళీయైన పీపాలో ఆవిరి నిండియుండును. దానిని అతుకబోవుట బాణసంచాకు నిప్పంటించుటయే.

మూడవ వరుసకు తరువాత మరియొకటి చేర్చితిమి. జింకు పూతగల గొట్టములను పూత గీకకుండ అతుకుట. మా అన్నగారు మూసిన కొట్టములో అట్టి గొట్టములు అతికి ఆ రాత్రి చలిజ్వరముతో వణకిరి. మలేరియాయని భయపడితిమి. డాక్టరుగారు పని వివరము అడిగి, జింకు పొగచే వచ్చిన జ్వరమని చెప్పిరి. ఒకటి రెండు దినములలో తగ్గినది. ఇప్పుడు పూత గీకి, గాలివాటమునకు అడ్డముగా నిలిచి, ఆరుబయటనే ఆ పని చేయుచున్నాము.

ఇదే తీరమున, శ్రీహరికోటనుండి, 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు ఎగిరినది. ఆనాటినుండి ఎన్నియో నింగికెగసినవి. అచ్చట ఒక్కొక్క మరమేకుకును ఏ లోహమో, ఏ వేడి చూచినదో వ్రాసియుంచక వాడరు. మా పెరటి పనికిని ఆ నియమమే కావలెనని మాకు ఆలస్యముగా తెలిసినది. మా బల్లపై ఇప్పుడు ఒక నోటుపుస్తకమున్నది. వచ్చిన వస్తువు, దాని లోహము, మేము చేసినది, అది ఎన్నినాళ్లు నిలిచినది అందు వ్రాయుచున్నాము.

ఆ పడవ యజమాని ఇంజను మరమ్మతునకు సాయపడి, కొత్త శీల నెల్లూరులో లేతుపై చేయించి మేమే ఇచ్చితిమి. దానితోపాటు రెండవ శీల కూడ చేయించి పడవలో నూనె గుడ్డతో చుట్టి పెట్టుమని చెప్పితిమి. నేడు ఆ రేవులో పడవలు పలువురివి రెండవ శీలతోనే పోవుచున్నవి. మా కొట్టమువలన గ్రామమునకు జరిగిన అన్నింటికంటె పెద్ద మేలు అదియేనేమో. దానికి కొలిమి అక్కరలేకపోయినది.

పాత పనిముట్లు కొనుడు. వాటిని శోధించి కొనుడు. శుభ్రపరచి, నూనెవేసి వాడుడు. చేయవచ్చిన పనిని ధైర్యముగా చేయుడు. చేయరాని పనిని, అర్ధరాత్రి తలుపు తట్టినవానికైనను, మీ గోడపై వ్రాసికొన్న మూడవ వరుసను చూపి, చేయలేమని చెప్పుడు. మొదట అది మిక్కిలి కష్టముగా నుండును. ఒక రాత్రి ఒడ్డున కూర్చున్నవారికి అంత కష్టముగా నుండదు.